స్కీయింగ్‌కే అని చెప్పి తీసుకున్న పాలసీ కాలు విరిగాక ఎందుకు చెల్లదు? గోదావరి జిల్లాల నుంచి బహిరంగ లేఖ

ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీల వారికి, మా ఊళ్లలో ఆ పాలసీలు అమ్మే ఏజెంట్లకు, ట్రావెల్స్ షాపుల వాళ్లకు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలకు, హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అధికారులకు,

నమస్కారమండీ. విడిగా పెట్టిన మెయిళ్లకు, రిజిస్టర్ పోస్టులో పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఫోన్ చేస్తే "మీ ఫిర్యాదు నమోదైంది సార్" అంటారు, ఒక నంబరు ఇస్తారు, వారం ఆగి మళ్లీ చేస్తే ఇంకో నంబరు ఇస్తారు. అందుకని ఇక అందరూ చదివేలా రాస్తున్నాం. ఏ కంపెనీ పేరూ ఇందులో పెట్టడం లేదు. ఆస్ట్రియాలో స్కీయింగ్ చేస్తూ కాలు విరిగిన మా స్నేహితుడి క్లెయిమ్ తిరస్కరించింది ఒక కంపెనీయే, కానీ ఆ తర్వాత మేమంతా తలా ఒక పాలసీ కాగితం తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చదివితే అన్నిట్లోనూ ఇంచుమించు ఇదే కథ.

మేం పాలకొల్లు, రాజోలు, భీమవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లం. చిన్నప్పుడు మేం ఎక్కిన ఎత్తల్లా ఏటిగట్టే. ఇప్పుడు సగం మంది జర్మనీలో, మిగతావాళ్లు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు, ఒకరిద్దరు ఇంకా చదువుతున్నారు. అందరం ఒకచోట చేరాలంటే సంక్రాంతికి సెలవు దొరకదు కాబట్టి శీతాకాలంలో ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ కొండల్లో కలిసి స్కీయింగ్ చేస్తున్నాం, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారడం. హన్నెస్ ష్నైడర్ అనే ఆయన 1921లో స్కీ స్కూల్ పెట్టిన సెయింట్ ఆంటన్ ఊరు అక్కడిదే. చదును చేయని మంచులో దిగడమంటే పిచ్చి ఉన్నవాళ్లు ఆల్ప్స్‌లో ముందు చెప్పే పేర్లలో అదొకటి. కొబ్బరిచెట్టు ఎక్కడం రాదు గానీ మంచుకొండలెక్కుతారంట అని ఇంట్లో ఎటకారాలు మామూలే. డబ్బు ఎక్కువై చేసే సరదా అనేవాళ్లూ ఉన్నారు, అననివ్వండి. సరదా ఖర్చు మాది, దానికి ఎవర్నీ చెయ్యి చాపలేదు. మేం అడుగుతున్నది డబ్బు కట్టి కొనుక్కున్న హామీ గురించి.

జరిగింది ఇదీ. మా మిత్రుడొకడు హైదరాబాద్‌లో పనిచేస్తాడు, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద వచ్చాడు. వీసాకి కావాల్సిన పాలసీ సొంత ఊరికి వెళ్లినప్పుడు అక్కడి ట్రావెల్స్ షాపులోనే తీసుకున్నాడు. "స్కీయింగ్‌కి వెళ్తున్నామండీ, అది కూడా ఉంటుంది కదా" అని అడిగాడు. "అన్నీ కవరవుతాయండి, టెన్షన్ పడకండి" అన్నారు. పాస్‌పోర్టు కాపీ, ఎన్ని రోజులు, డబ్బులు, అంతే, టీ చల్లారేలోపు పాలసీ చేతికొచ్చింది.

అక్కడ ఒకరోజు గైడ్‌ని పెట్టుకుని నిజమైన ఆఫ్-పిస్ట్‌కి, అంటే రిసార్ట్ గుర్తులు పెట్టిన దారులు దాటిన కొండకి వెళ్లాం. ప్రతి ఒక్కరి ఒంటి మీదా మంచులో కూరుకుపోతే జాడ చెప్పే సిగ్నల్ పరికరం ట్రాన్సీవర్, సంచిలో మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ ప్రోబ్, పార. ఆ రోజు ఎవరికీ గీత కూడా పడలేదు. మర్నాడు గైడ్ లేడు కాబట్టి బయటికి పోకుండా రిసార్ట్ మ్యాప్‌లో ఉన్న ఒక స్కీ రూట్ పట్టుకున్నాం. నంబరు వేసి, కర్రలు పాతి, ఆ ఉదయం తెరిచే ఉన్న దారి అది. అక్కడ మా వాడి స్కీ మెత్తటి మంచులో కూరుకుపోయింది, బూటుని పట్టి ఉంచే బైండింగ్ ఊడాల్సినప్పుడు ఊడలేదు, మోకాలు మెలిపడి కింద ఎముక విరిగింది. కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దించారు, లోయలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చి కాగితాలన్నీ పెడితే, కంపెనీ నుంచి వచ్చిన జవాబు సారాంశం ఒక్క వాక్యం: ఇది ఆఫ్-పిస్ట్ స్కీయింగ్, మినహాయింపుల్లో ఉంది, క్లెయిమ్ తిరస్కరించాం. రిసార్ట్ మ్యాప్ పంపాం, రెస్క్యూ వాళ్ల రిపోర్టు పంపాం, ఆ దారి నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మరీ పంపాం. అప్పటి నుంచి మాట లేదు.

ఇక అంశాలవారీగా.

1. ముందు 30,000 యూరోల సంగతి. షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలన్నది యూరప్ వాళ్ల నిబంధన. అత్యవసర చికిత్స, ఆస్పత్రి, రోగిని స్వదేశానికి చేర్చడం, మరణం, వీటి కోసం పెట్టింది. అందులో ఆటల ఊసు లేదు. అంటే మంచు మీద చేసే ప్రతి పనినీ మినహాయించిన పాలసీతో కూడా వీసా వచ్చేస్తుంది. ఈ ముక్క మీకు తెలుసు, కొనేవాడికి తెలియదు. వాడు అనుకునేది, వీసా ఆఫీసు వాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి అన్నీ ఉన్నట్టే కదా అని. మీ అమ్మకమంతా ఆ అపోహ మీదే నడుస్తోంది, కోపం రాకపోతే ఈ మాట అంటున్నాం. వీసా ముద్ర పడటానికి పనికొచ్చే పాలసీ వేరు, మంచుకొండ మీద మనిషిని కాపాడే పాలసీ వేరు అని అమ్మేటప్పుడే చెప్పండి. శీతాకాలపు ఆటలకు అదనంగా కట్టాలంటే ఆ రేటు చెప్పండి, కట్టేవాళ్లు కడతారు. మా వాడు అడిగాడు కూడా.

2. హెలికాప్టర్. ఆస్ట్రియాలో సరదాకి ఆడుతూ దెబ్బ తగిలించుకుంటే గాల్లో దించిన ఖర్చు గాయపడినవాడికే పంపుతారు, అక్కడి వాళ్లకైనా అంతే. ఆ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. మా వాడిది మన డబ్బుల్లో లక్షలు. ఆస్పత్రి ఖర్చుకి పెద్ద అంకె చూపించి, కొండ మీది నుంచి ఆస్పత్రి దాకా తెచ్చే ఖర్చుకి చిన్న పరిమితి పెట్టడమో, అసలు రాయకపోవడమో మేం చూసిన పాలసీల్లో కనిపించింది. మంచులో విరిగిన కాలితో మనిషి ఆస్పత్రికి ఎలా నడుస్తాడని మీ ఉద్దేశం?

3. ఇది అసలు విషయం, కాస్త పొడుగ్గా రాస్తాం, ఓపిక పట్టండి. స్కీ రిసార్ట్‌లో కొండంతా ఒకటే కాదు. పిస్ట్ అంటే రాత్రిళ్లు యంత్రాలతో చదును చేసి, కష్టాన్ని బట్టి నీలం, ఎరుపు, నలుపు రంగులు ఇచ్చి, సాయంత్రం లిఫ్టులు ఆగాక ఎవరైనా మిగిలిపోయారేమోనని గస్తీవాళ్లు చివరిసారి చూసుకుంటూ దిగే దారి. స్కీ రూట్ అంటే గుర్తులుంటాయి, మ్యాప్‌లో ఉంటుంది, మంచు చరియలు జారే ముప్పు ఉంటే మూసేస్తారు, కానీ చదును చేయరు, చివరి గస్తీ ఉండదు. ఈ రెండూ కాని మిగతా కొండ ఆఫ్-పిస్ట్. అక్కడ ఎవరి జాగ్రత్త వాళ్లదే. ఆల్ప్స్‌లో లిఫ్టు ఎక్కే పదేళ్ల పిల్లాడికి తెలిసే తేడా ఇది. మీ పాలసీల్లో ఈ మధ్యలోది లేదు. పిస్ట్ లోపలా బయటా అని రెండే. మధ్యది ఎటు వస్తుందో క్లెయిమ్ వచ్చాక మీ ఆఫీసులో, బహుశా మంచు చూడని ఒకాయన తేల్చేస్తున్నారు.

ఇంకో విడ్డూరం. గైడ్ ఉన్న రోజూ గైడ్ లేని రోజూ మీకు ఒకటే. మంచు చరియల్లో చిక్కుకునేవాళ్లలో ఎక్కువమంది తామో తమ గుంపులోవాళ్లో కదిలించిన చరియలోనే చిక్కుకుంటారు. ప్రమాదకరమైన చరియలు ఎక్కువగా 30 డిగ్రీలు దాటిన వాలుల్లో మొదలవుతాయి. మంచు కింద కప్పబడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత గబగబా పడిపోతుంది. అంటే బయటి నుంచి హెలికాప్టర్ వచ్చేలోపే, పక్కనున్న స్నేహితులు ట్రాన్సీవర్ పంపే 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పట్టుకుని, ప్రోబ్ గుచ్చి, పారతో తవ్వి తీయాలి. ఈ సరంజామా, దాన్ని వాడటం నేర్చుకోవడం, వాలు చదవగలిగిన గైడ్, వీటికి డబ్బు పెట్టినవాడిని, ఏమీ లేకుండా కెమెరా పట్టుకుని దూకినవాడిని ఒకే గాటన కట్టేస్తే ఇక జాగ్రత్తపడినందుకు లాభమేంటి? అర్హత ఉన్న గైడ్‌తో వెళ్తే వర్తిస్తుంది, లేకపోతే వర్తించదు అని రాయండి, అది న్యాయం. బయటి దేశాల్లో అలా రాసి అమ్మే పాలసీలు ఉన్నాయి.

4. "అధికారిక హెచ్చరికలను పట్టించుకోకపోతే పరిహారం లేదు" అని మీ నిబంధన ఇంకోటి. సరే, ఏ హెచ్చరిక? మాది వరదల ప్రాంతమండీ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది ఇచ్చారంటే గొడ్లను గట్టు మీదికి తోలాలని లంకల్లో అందరికీ తెలుసు. ఆల్ప్స్‌లో మంచు చరియలకూ అలాగే 1 నుంచి 5 దాకా అంకెలున్నాయి, 1993 నుంచి యూరప్ అంతా ఒకటే కొలత. సెయింట్ ఆంటన్ ఉన్న టిరోల్ రాష్ట్రంలో రోజూ సాయంత్రం మర్నాటి బులెటిన్ వస్తుంది. దీంట్లో మనవాళ్లు పప్పులో కాలేసేది 3 దగ్గర. ఐదింట్లో మూడంటే మధ్యలో కదా, పర్లేదు అనుకుంటారు. కానీ ఒక్కో అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, చావుల్లో పెద్ద వాటా 3 ఉన్న రోజుల్లోనే. 5 ఉన్నప్పుడు ఎవరూ బయటికి పోరు, చాలా లిఫ్టులు కూడా ఆపేస్తారు. ఇప్పుడు చెప్పండి, బులెటిన్‌లో 3 ఉండి, రిసార్ట్ వాళ్లు దారి తెరిచే ఉంచితే, అందులో దిగినవాడు హెచ్చరికను కాదన్నట్టా? ఆ అంకె పాలసీలో రాయాలి. మీకు అనుకూలమైనట్టు తర్వాత చదువుకోవడానికి ఖాళీ వదలొద్దు.

5. ఫ్రీస్టైల్. మా గుంపులో ఇద్దరికి స్నో పార్కే లోకం: ఎగరడానికి కిక్కర్లనే దిబ్బలు, జారడానికి రెయిళ్లనే కడ్డీలు, బాక్సులు, రోజంతా అక్కడే దొర్లుతుంటారు. ఈ ఫ్రీస్టైల్ స్కీయింగ్‌లో మోగుల్స్ 1992లో, హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్ 2014లో ఒలింపిక్ పతకాల ఆటలయ్యాయి, బిగ్ ఎయిర్ 2022లో వచ్చింది. పార్క్ రిసార్ట్ లోపలే ఉంటుంది, దాని బాగోగులు చూసే మనుషులుంటారు, చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ వేర్వేరు వరసలు. మీరు మాత్రం "విన్యాసాలు" అని ఒక్క మాట రాసి మొత్తం తోసేశారు. అడుగు ఎత్తు బాక్స్ మీద జారి చెయ్యి విరిగితే విన్యాసమా? పిస్ట్ మీదే ఉన్న చిన్న దిబ్బ మీద ఎగిరితే? గాల్లో తిరగేసి పల్టీలు కొట్టడాన్ని మినహాయిస్తే మేమేమీ అనం.

6. జర్మనీలో చదువుకునే పిల్లల గురించి కన్సల్టెన్సీల వారికి ప్రత్యేకంగా. ఈ డెల్టా నుంచి ఏటా ఎంతమందిని పంపుతున్నారో మీ ఫ్లెక్సీలే చెబుతాయి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆస్ట్రియాలోని ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేస్తుంది. కానీ స్కీ లోయల్లోని ప్రైవేటు క్లినిక్‌లో చెల్లకపోవచ్చు, కొండ మీది నుంచి దింపిన ఖర్చు, జర్మనీకి వెనక్కి తెచ్చే ఖర్చు దాంట్లో రావు. మొదటి మంచుకే యూనివర్సిటీ స్నేహితులతో బస్సెక్కేసే పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆల్పైన్ క్లబ్బులున్నాయి, వాటిలో సభ్యత్వం తీసుకుంటే 25,000 యూరోల దాకా రెస్క్యూ ఖర్చు వస్తుంది. ఆస్ట్రియా కొండల్లో అత్యవసర నంబరు 140, యూరప్ అంతటా 112. ఈ నాలుగు ముక్కలు మీ ఓరియెంటేషన్‌లో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పప్పు, ఆవకాయ ఎన్ని కేజీలు పట్టుకెళ్లొచ్చో అరగంట చెబుతారు కదా.

7. ఇంటి దగ్గర ఏమవుతోందంటే. ఫోన్ వచ్చేది అర్ధరాత్రి. క్లినిక్ వాళ్లు అడ్వాన్సు అడుగుతారు, కంపెనీ హెల్ప్‌లైన్ "పరిశీలిస్తున్నాం" అంటుంది. మా వాడి నాన్నగారు రొయ్యల చెరువు లీజుకని ఉంచిన డబ్బు పంపారు, చాలక వాళ్లమ్మగారి నగలు బ్యాంకులో పెట్టారు. ఆ పంట వేయలేదు. పక్క రైతు ఆ చెరువు తీసుకున్నాడు. మా వాడికి మూడు నెలలు ఆఫీసు లేదు, ఇప్పటికీ మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేస్తుంది. గోల్డ్ లోన్ వడ్డీ మాత్రం మీ పరిశీలన అయ్యేదాకా ఆగడం లేదు. ఇది స్కీయింగ్ చేసే కుర్రాళ్ల సమస్యే అనుకోకండి. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఫొటో కోసమని స్లెడ్జ్ బల్ల మీద కూర్చుంటారు, మంచు మీద కాలుజారి తుంటి విరగ్గొట్టుకుంటారు. స్లెడ్జింగ్‌ని కూడా సాహస క్రీడ కింద రాసిన పాలసీ మా చేతిలో ఉంది.

8. కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లేవాళ్లకూ ఇదే. అక్కడి కేబుల్ కార్ రెండో దశ 3,900 మీటర్లు దాటిన ఎత్తుకి తీసుకెళ్లి దించుతుంది, దిగగానే చుట్టూ ఉన్నదంతా ఇంచుమించు చదును చేయని కొండే. 2023 ఫిబ్రవరి 1న అక్కడి అఫర్వత్ కొండ వాలుల్లో చరియ జారి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. టూర్ ప్యాకేజీతో కలిపి అమ్మే దేశీయ పాలసీలో ఏది ఉంది, ఏది లేదు అన్నది టికెట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా విడి కాగితం మీద ఇవ్వాలి.

ఐఆర్‌డీఏఐ వారికి ఒక మాట. ఆరోగ్య బీమాకి సులువుగా అర్థమయ్యే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఇవ్వాలని, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని మీరే చెప్పారు, 2024 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. మంచి పని. మా ఊరి షాపులో ట్రావెల్ పాలసీ కొన్నవాళ్లెవరికీ తెలుగు షీటు సంగతి చెప్పిన పాపాన పోలేదు. అమ్మేవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు, అక్కడ ఏం చేస్తారు అని రెండు ప్రశ్నలు అడిగి, జవాబు రాసి, కొనేవాడి సంతకం తీసుకునేలా నిబంధన పెట్టండి. అప్పుడు "అన్నీ కవరవుతాయండి" అనే మాట కాగితం మీదికి వస్తుంది, రేపు ఎవరూ కాదనలేరు.

మా వాడి కేసు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గర పెట్టాం. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాం: కంపెనీ తిరస్కరించినా, ఫిర్యాదు ఇచ్చిన నెలలోపు జవాబివ్వకపోయినా అక్కడికి వెళ్లొచ్చు, ఫీజు లేదు, 50 లక్షల దాకా వ్యవహారాలు చూస్తారు, ఏడాది దాటనివ్వకూడదు. ఆంధ్ర, తెలంగాణతో పాటు మన యానాం కూడా ఆ ఆఫీసు కిందకే వస్తుంది. లాయరు అక్కర్లేదు. ఆ తీర్పు ఎలా వచ్చినా ఈ లేఖలో అడిగినవి వెనక్కి తీసుకోం, ఎందుకంటే ఇవి ఒక్క మోకాలు గురించి కావు.

కంపెనీల వారు ఈ నాలుగింటికి సూటిగా జవాబివ్వండి. రిసార్ట్ మ్యాప్‌లో ఉండి, తెరిచి ఉన్న స్కీ రూట్ మీ పాలసీలో లోపలా, బయటా? అర్హత ఉన్న గైడ్‌తో ఆఫ్-పిస్ట్ వెళ్తే వర్తిస్తుందా, అదనంగా ఎంత కట్టాలి? హెలికాప్టర్ ఖర్చు ఎంతవరకు ఇస్తారు? హెచ్చరిక అంటే ఏ అంకె? వచ్చే చలికాలం బుకింగులు మొదలయ్యేలోపు, అంటే దసరా లోపు చెబితే చాలు. వివరణలు, విచారం వ్యక్తం చేయడాలు అక్కర్లేదు. తెలుగులో ఇవ్వండి, పాలసీకి డబ్బు కట్టేది చాలా ఇళ్లలో ఇంగ్లీషు చదవని నాన్నలే.

ఇట్లు,
పాలకొల్లు, రాజోలు, భీమవరం ప్రాంతాల స్నేహితులు